పైన చుక్క, కింద చుక్క

మా తాత పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. అసలు పేరు ఇక్కడ రాయను, బాలయ్య అనుకుందాం. ఏ భూమి ఎవరిదో రాసిన 1954-55 ఖాస్రా పహాణీ ఉర్దూలో ఉంది. ఉర్దూలో 'బ'కి కింద చుక్క, 'న'కి పైన చుక్క. పదం మొదట్లో వస్తే రెండింటి ఆకారం ఒక్కటే, చిన్న పన్ను లాంటి గీత. రాసినాయన కలం విదిలించాడో, కాగితం మీద మరకే పడిందో, చుక్క పైకి పోయింది. దాన్ని తెలుగులోకి ఎక్కించినప్పుడు బాలయ్య కాస్తా నాలయ్య అయ్యాడు. నాలయ్య అనే పేరు మా వైపు నేనెక్కడా వినలేదు. ఆ తర్వాత కాపీ చేసినాయనకీ అదే అనుమానం వచ్చినట్టుంది. పాపం మంచి మనసుతోనే దాన్ని నల్లయ్య అని దిద్దాడు. కంప్యూటర్లోకి ఎక్కింది నల్లయ్యే.

నేను దస్తావేజులు రాసి బతికేవాణ్ణి. నల్లగొండలో ఒక టేబులు, రెండు కుర్చీలు, ఒక ప్రింటరు, అదీ నా ఆఫీసు. పక్కనే పాత ఉర్దూ కాగితాలు చదివిపెట్టే చాచా కూర్చుంటాడు. సేత్వార్లు, వసూల్ బాకీలు, పాత పహాణీలు లాంటి భూమి రికార్డులు ఆయన వేలు పెట్టి చదువుతుంటే నేను తెలుగులో రాసుకుంటాను. ఆయన ఐదు పూటలా నమాజు తప్పని మనిషి. నాది నాలుగు తరాల క్రైస్తవ కుటుంబం. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండలో మిషన్ పెట్టాడు. మా ముత్తాత వాళ్లు ఆ రోజుల్లో మతం పుచ్చుకున్నవాళ్లు.

తాత కాగితంలో చుక్క సంగతి పట్టింది చాచానే. భూతద్దం పెట్టి చూసి, "మీ తాత నల్లయ్య గాదు బేటా, చుక్క ఎగిరింది" అని నవ్వాడు. నవ్వు ఆగాక ఊరికే అడిగినట్టు అడిగాడు. "మీ కితాబు గూడ గిట్లనే చేతిరాత కాపీలు గదా. ఎన్ని చుక్కలు ఎగిరినయో ఎవరికెరుక?"

నాకు కోపం రాలేదు. ఫోన్లో వచ్చే వాదనల వీడియోల్లో ఇదే ప్రశ్న వేరే గొంతుతో వినిపిస్తుంది. అక్కడైతే బీపీ పెరుగుతుంది. చాచా అడిగితే పెరగలేదు, ఎందుకంటే చుక్క ఎగిరితే ఏమవుతుందో ఇద్దరం రోజూ కళ్లారా చూసేవాళ్లమే.

నిజానికి అచ్చం అలాంటి చుక్క కథే బైబిల్లో ఉంది. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయం, 16వ వచనం. కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్లో అక్కడ "దేవుడు" శరీరంతో ప్రత్యక్షమయ్యాడని ఉంటుంది. మన తెలుగు బైబిల్లో "ఆయన సశరీరుడుగా ప్రత్యక్షుడయ్యెను" అని ఉంటుంది. పాత గ్రీకు రాతప్రతుల్లో 'దేవుడు' అన్న మాటని పూర్తిగా రాసేవారు కాదు. థీటా, సిగ్మా అని రెండక్షరాలు వేసి పైన ఒక గీత గీసేవారు. 'ఎవరైతే' అనే అర్థమిచ్చే మాటకి ఒమిక్రాన్, సిగ్మా. ఒమిక్రాన్ రాస్తే సున్నాలా ఉంటుంది. ఆ సున్నా మధ్యలో అడ్డగీత పెడితే థీటా. ఈ గీత, పైన ఉండే గీత, అంతే తేడా. 18వ శతాబ్దంలో వెట్‌స్టైన్ అనే స్విస్ పండితుడు లండన్లో ఉన్న అలెగ్జాండ్రినస్ అనే పాత గ్రీకు ప్రతిని దగ్గరగా పట్టి చూశాడు. ఆ అడ్డగీత తోలుకాగితం అవతలి పక్క అక్షరం నుంచి ఇవతలికి కనిపిస్తున్నదేనని ఆయనకి అనిపించింది. ఇలాంటి పరిశోధనల గొడవల్లోనే 1730లో బాసెల్ సంఘంలో ఆయన ఉద్యోగం ఊడింది.

నాలయ్యని నల్లయ్యగా దిద్దిన చెయ్యే అక్కడా పనిచేసి ఉంటుంది. 'ఎవరైతే' అన్న మాట వాక్యంలో ఎబ్బెట్టుగా కనబడింది, 'దేవుడు' అని చదివితే సాఫీగా ఉంది. అందుకే రాతప్రతుల పండితులకి ఒక లెక్క ఉంది: రెండు పాఠాల్లో ఏది చదవడానికి ఇబ్బందిగా ఉంటుందో అదే పాతది అయ్యుండే అవకాశం ఎక్కువ. ఈ సూత్రం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. పహాణీల్లో వింత పేరు కనిపిస్తే ముందు దాన్నే నమ్ముతాను, ఎందుకంటే వింత పేరుని ఎవరూ కావాలని పుట్టించరు.

చిన్నప్పటి సంగతి ఒకటి. కన్వెన్షన్ మీటింగుల్లో ఒక ప్రసంగీకుడు ఇంగ్లీషు బైబిల్ ఎత్తి పట్టుకుని, త్రిత్వానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలని యోహాను మొదటి పత్రిక 5వ అధ్యాయం చదివాడు. పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురు: తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ. నేను ఒళ్లో ఉన్న తెలుగు బైబిల్లో వెతికాను. "ఆత్మయు, నీళ్లును, రక్తమును" అని ఉంది. తండ్రి లేడు, వాక్యం లేదు. సండే స్కూల్ టీచరమ్మని అడిగితే, "గన్ని ప్రశ్నలు అడగొద్దు, విశ్వాసం తగ్గుతది" అంది. తర్వాత ఎన్నో ఏళ్లకి చదివి తెలుసుకున్నాను. డచ్ పండితుడు ఎరాస్మస్ 1516లో అచ్చు వేసిన గ్రీకు కొత్త నిబంధనలో ఆ వాక్యం లేదు. ఆయన చూసిన గ్రీకు ప్రతుల్లో లేకపోతే ఎక్కడి నుంచి తెస్తాడు? గొడవ అయ్యాక 1522 ముద్రణలో చేర్చాడు, అక్కణ్ణుంచి అది కింగ్ జేమ్స్ దాకా పోయింది. మన తెలుగు బైబిల్ ఆ వాక్యాన్ని వదిలేసి నిజాయితీగానే ఉంది. మా టీచరమ్మకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అంతే.

కాబట్టి ముందే చెప్తున్నాను. బైబిల్ మీద ముస్లిం పండితులూ, యూనివర్సిటీ పండితులూ చూపించిన తప్పుల్లో చాలా మటుకు నిజంగా ఉన్నవే. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు నాలుగో శతాబ్దపు సినాయ్, వాటికన్ ప్రతుల్లో లేవు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ, "మీలో పాపము లేనివాడు" అన్న మాటతో సహా, యోహాను సువార్త అతి పాత ప్రతుల్లో లేదు. ద్వితీయోపదేశ కాండం చివర్లో మోషే చచ్చిపోవడం, ఆయన సమాధి "నేటివరకు" ఎవరికీ తెలియకపోవడం ఉంటుంది. అది మోషే రాశాడనడం ఎలా? రెండో దినవృత్తాంతాల హీబ్రూ పాఠంలో అహజ్యా రాజయ్యేటప్పటికి వయసు 42. అతని తండ్రి చచ్చిపోయింది 40 ఏళ్లకి. తండ్రి కన్నా కొడుకు రెండేళ్లు పెద్ద! రాజుల గ్రంథంలో అదే వయసు 22. ఈ లెక్క మీద వచ్చిన వీడియోలు చూస్తూ కూర్చుంటే రంజాన్ నెల గడిచిపోతుంది.

ఈ విమర్శ నిన్న మొన్నటిది కాదు. 11వ శతాబ్దంలో స్పెయిన్‌లోని కొర్దోబాకి చెందిన ముస్లిం పండితుడు ఇబ్న్ హజ్మ్ తౌరాత్‌లో, అంటే మోషే గ్రంథాల్లో, వయసులూ, జనాభా లెక్కలూ కూడి, తీసివేసి, ఇవి కుదరవని రాశాడు. ఆయన వాదనల్లో నాకు బాగా నచ్చింది వేరే. తౌరాత్ ప్రతి చాలాకాలం పూజారుల చేతిలోనే ఉండేది, జనం దగ్గర లేదు, మార్చాలనుకుంటే అడ్డేమిటి అంటాడు. ఇది అచ్చంగా మన తెలంగాణ రైతు మాట. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయేదాకా ఊరి లెక్కలన్నీ పట్వారీ ఇంట్లో సంచిలో ఉండేవి. సంచి ఎవరి దగ్గర ఉంటే భూమి వాళ్లదే అనేవాళ్లు మా పెద్దలు. ఇబ్న్ హజ్మ్ మా ఊళ్లో పుట్టి ఉంటే మొదటి కేసు పట్వారీ మీదే వేసేవాడు.

మన దేశంలో అసలు ఘట్టం ఆగ్రాది. 1854 ఏప్రిల్ 10, 11 తేదీల్లో జనం మధ్య వాదం జరిగింది. ఒక పక్క జర్మన్ మిషనరీ కార్ల్ ఫాండర్, ఇంకో పక్క కైరానా ఊరి మౌలానా రహ్మతుల్లా, ఆయనకి తోడు ఇంగ్లీషు తెలిసిన డాక్టర్ వజీర్ ఖాన్. ఐదు అంశాలు అనుకున్నారు, రెండు దాటలేదు. ఆ రెండోదే తహ్రీఫ్, అంటే గ్రంథాన్ని మార్చడం. ఫాండర్ ఊహించనిది ఏమిటంటే, వజీర్ ఖాన్ చేతిలో ఉన్న ఆయుధాలు మక్కా నుంచి వచ్చినవి కావు. ఐరోపాలో క్రైస్తవ పండితులే తమ బైబిల్ని విప్పి చూసి రాసుకున్న పుస్తకాలు! కాపీదారుల తప్పులు ఉన్నాయని ఫాండర్ ఒప్పుకోవలసి వచ్చింది. మూల సిద్ధాంతాలకి దెబ్బ లేదన్నాడు గానీ, అవతలి పక్షానికి ఆ ఒప్పుకోలే చాలు. 1857 తర్వాత మౌలానా తప్పించుకుని మక్కా చేరాడు. 1864లో ఇస్తాంబుల్‌లో కూర్చుని ఈ వాదనలన్నీ అరబ్బీలో ఇజ్‌హారుల్ హక్ అనే పుస్తకంగా రాశాడు. గుజరాత్‌లో పుట్టి దక్షిణాఫ్రికాలో పెరిగిన అహ్మద్ దీదాత్ కుర్రతనంలో దుకాణంలో పనిచేస్తూ ఆ పుస్తకమే చదివాడు. ఆయన్ని చూసి నేర్చుకున్నవాళ్లే ఇప్పుడు మన ఫోన్లలో ఉన్నారు.

అందరు ముస్లింలదీ ఒకే మాట అనుకోకూడదు. ఖురాన్‌లోనే రెండు రకాల మాటలు ఉన్నాయి. తమ చేతులతో రాసి ఇది అల్లా నుంచి వచ్చిందనేవాళ్లకి నాశనం అని రెండో సూరా 79వ ఆయత్. ఇంజీల్ (సువార్త) వాళ్లు అందులో అల్లా దించినదాని ప్రకారం తీర్పు చెప్పుకోవాలని ఐదో సూరా 47వ ఆయత్. అక్షరాలు మార్చారా, అర్థాలు మార్చారా అని వాళ్ల పండితుల మధ్యే వెయ్యేళ్ల వాదన. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1862లో బైబిల్ మీద ఉర్దూలో వ్యాఖ్యానం వేస్తూ, తహ్రీఫ్ ఎక్కువగా అర్థాల్లో జరిగిందే అన్న వైపు నిలబడ్డాడు. ఈ సంగతి వీడియోల్లో రాదు. వస్తే వ్యూస్ రావు మరి.

తప్పుల లిస్టులు పక్కన పెడదాం. నన్ను కదిలించింది ఒక చిన్న మాట దగ్గర జరిగిన సంభాషణ.

మా వాళ్లు బైబిల్ దేవునిదే అనడానికి ఎత్తి చూపే వచనం తిమోతికి రెండో పత్రిక 3వ అధ్యాయం 16లో ఉంది: "దైవావేశమువలన కలిగిన ప్రతిలేఖనము" ఉపదేశానికీ, తప్పు దిద్దడానికీ ప్రయోజనకరమని. ఇక్కడ ఆవేశం అన్న మాట చూడండి. మా వైపు ఆవేశం అంటే బోనాలప్పుడు శిగమూగడమే. జుట్టు విరబోసుకుని, కళ్లు తేలేసి, ఆ మనిషి ఒంట్లో ఆ మనిషి ఉండదు, మాట్లాడేది ఎల్లమ్మ. చర్చికి వచ్చే మా అమ్మలకి పౌలు బొమ్మ మనసులో అలాగే ఉంటుంది. కలం పౌలుది, ఊగేది దేవుడు. గ్రీకులో ఉన్న మాటకి అర్థం 'దేవుడు ఊదినది' అని. ఊదడం వేరు, పూనడం వేరు. తెలుగు చేసినవాళ్లు ఎంత ఆలోచించి ఆ మాట వేశారో గానీ, అది మన దగ్గర పూనకం వాసన పట్టుకుంది.

చాచాకి ఈ వచనం చదివి వినిపించాను. ఉర్దూ బైబిల్లో ఏమని ఉందని అడిగాడు. ఫోన్లో తీసి చూపించాను. 'ఇల్హామ్' అని ఉంది. ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"ఇల్హామా? ఇల్హామ్ అంటే వలీలకి, గొప్ప భక్తులకి గూడ అయితది బేటా. దిల్‌ల ఒక మాట పడుతది, గంతే. పైగంబర్‌కి వచ్చేది వహీ. రెండిట్ల జమీన్ ఆస్మాన్ ఫరక్. మీది ఇల్హామ్ అని మీ కితాబే చెప్తుంటే, మీ పోరలు మా పోరలతోటి వహీ అని ఎందుకు కొట్లాడుతున్నరు?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ అంతకన్నా మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

ముస్లిం దృష్టిలో గ్రంథం అంటే దిగివచ్చింది. పదంతో సహా, ఉచ్చారణతో సహా. ప్రవక్త దాన్ని అందుకుని అప్పజెప్పినవాడు, రచయిత కాడు. ఆ కొలబద్దతో కొలిస్తే బైబిల్ మొదటి పేజీలోనే ఫెయిలవుతుంది. అందులో వింతేమీ లేదు. వింత ఏమిటంటే మన సంఘాల్లో మనమే ఆ కొలబద్దని తెచ్చి పెట్టుకున్నాం. ప్రతి అక్షరం పైనుంచి పడిందన్నట్టు మాట్లాడి, తర్వాత అహజ్యా వయసు దగ్గర చెమటలు పట్టి, టెన్షన్ పడి, ఏదో ఒక అతుకు వేస్తాం.

బైబిల్ రాసినవాళ్లు తమ గురించి ఏం చెప్పుకున్నారో చదవండి. లూకా తన సువార్త మొదట్లోనే, ఇంతకు ముందు చాలామంది రాశారు, నేను కూడా మొదటి నుంచి "తరచి" తెలుసుకుని రాస్తున్నాను అంటాడు. ఇది విచారణ చేసి పంచనామా రాసే మనిషి మాట, పూనకం వచ్చినవాడి మాట కాదు. పౌలు కొరింథీయులకి రాస్తూ పెళ్లిళ్ల విషయంలో ఒక చోట ఇది ప్రభువు ఆజ్ఞ అంటాడు, రెండు వచనాల తర్వాత "ప్రభువు కాదు నేనే" చెప్తున్నానంటాడు. దీదాత్ తరహా వాదకులకి ఇలాంటి చోటు దొరికితే పండగే. కానీ నాకు ఆ పత్రికలో అంతకన్నా ముద్దొచ్చేది మొదటి అధ్యాయం 16. నేను మీలో ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదని కోపంగా మొదలుపెట్టి, ఇద్దరి పేర్లు చెప్పి, ఆ తర్వాత గుర్తొచ్చి, స్తెఫను ఇంటివాళ్లకి కూడా ఇచ్చాను, ఇంకెవరికైనా ఇచ్చానేమో "నేనెరుగను" అంటాడు. దేవుడే డిక్టేట్ చేస్తుంటే మధ్యలో గుర్తులేదు అనడమేమిటి? అక్కడ ఒక మనిషి ఉన్నాడు. చెప్పింది రాసుకునేవాడు పక్కన కూర్చున్నాడు. కొట్టేసి మళ్లీ రాయడానికి పాపిరస్ అగ్గువ కాదు.

కాథలిక్కులు 1965లో వాటికన్ సభ పత్రంలో ఆ మనుషులు నిజమైన రచయితలేనని రాసుకున్నారు. మా తరహా సంఘాల్లో వినిపించేది ఎక్కువగా 1978లో షికాగోలో ఎక్కువమంది అమెరికన్లే అయిన పండితులు సంతకాలు పెట్టిన ప్రకటన దారి. దాని ప్రకారం తప్పులేనితనం మూలప్రతులకి వర్తిస్తుంది. ఆ మూలప్రతులు ఒక్కటీ మిగల్లేదు. దస్తావేజులు రాసేవాణ్ణిగా దీని మీద నాకు నవ్వొస్తుంది. ఒరిజినల్‌లో మచ్చ లేదు సార్, కాకపోతే ఒరిజినల్ పోయింది, అని నా టేబులు ముందుకు వారానికి ఒకడు వస్తాడు.

అలాగని చాచా పక్షం మీద నా ప్రశ్నలు నేను వదల్లేదు. స్నేహం అంటే మొహమాటం కాదు కదా. మూడో ఖలీఫా ఉస్మాన్ కాలంలో ఖురాన్ పఠనంలో తేడాలు వస్తున్నాయని ఒక ప్రతిని ఖాయం చేసి, కాపీలు ప్రాంతాలకి పంపి, మిగతావి కాల్చమన్నారని బుఖారీ హదీసులోనే ఉంది. 1972లో యెమెన్‌లోని సనా మసీదులో దొరికిన తోలుకాగితాల్లో, చెరిపేసిన కింది రాతలో వేరే పాఠాలు కనిపించాయి. బైబిల్ వైపు అలా ఖాయం చేసే కేంద్రం మొదటి శతాబ్దాల్లో లేదు. ఎవరికి దొరికింది వాళ్లు కాపీ చేసుకున్నారు. అందుకే కొత్త నిబంధన గ్రీకు ప్రతులు 5 వేలకు పైగా ఉన్నాయి, వాటిలో తేడాలూ కుప్పలుగా ఉన్నాయి. ఇబ్న్ హజ్మ్ అనుమానించిన పట్వారీ సంచి ఇక్కడ లేదు. ఊరంతా తలా ఒక కాగితం పెట్టుకుంటే తప్పులు పెరుగుతాయి, ఒక్కడు కూర్చుని అన్నీ మార్చడం మాత్రం కుదరదు.

ఇదంతా చెప్పాక పెద్ద పాయింటు కొట్టాననుకున్నాను. చాచా కళ్లు మూసుకుని ఖురాన్ మొదటి సూరా ఫాతిహా అందుకున్నాడు. "మాలికి యౌమిద్దీన్" దగ్గర ఆగి, "వర్ష్ పఠనంల ఇది మలికి అయితది. ఒకటి యజమాని, ఒకటి రాజు. రెండూ రసూల్ నోటి నుంచి వచ్చినయే. మాకిది దాపరికం గాదు, మదర్సాల చెప్తరు. కాగితం కాల్తది బేటా. ఖురాన్ కంఠస్థం పట్టిన హాఫిజ్ గుండె యాడ కాల్తది?" అన్నాడు. ఆ జవాబు బలం నాకు తెలుసు. ఘనాపాఠీలు అచ్చు పుస్తకం లేకుండా వేదం నిలబెట్టిన దేశం మనది. అయితే ఆ రెండు పాఠాలూ దేవుడి నుంచే అన్నది చరిత్ర పండితుడు రుజువు చెయ్యగలిగింది కాదు, నమ్మవలసింది. లూకా విచారణలో దేవుడి ఊపిరి ఉందని నేను నమ్మినట్టే. పండితుల పనిముట్లు ఎవరి ఇంటికి వచ్చినా ఇంత దాకానే తవ్వుతాయి.

ఒక్క ప్రశ్న మాత్రం నాకు ఇంకా ముల్లులా ఉంది. అమెరికన్ పండితుడు బార్ట్ ఎర్మన్ ఒకప్పుడు గట్టి విశ్వాసి. రాతప్రతులు చదివి, బైబిల్లో తప్పు లేదన్న నమ్మకం పోగొట్టుకున్న మనిషి. ఆయన అడిగేది ఇది: మాటలు దేవుడే ఇచ్చి ఉంటే, అవి మనకి చేరేలా కాపాడలేదేం? చుక్క ఎగరకుండా చూడడం దేవుడికి కష్టమా? మా పాస్టర్ గారు దీనికి ముఖ్యమైనవేవీ పోలేదంటారు, ఫాండర్ ఆగ్రాలో అన్న మాటే. నాకది చాలదు. మన తాటాకు లేఖకులు పుస్తకం చివర ఒక శ్లోకం రాసేవారు: "యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా". ఎలాంటి ప్రతి చూశానో అలాంటిదే రాశాను, తప్పో ఒప్పో, దోషం నాది కాదు అని. దేవుడు కూడా అలాగే చేతులు దులుపుకున్నాడా అనిపించిన రాత్రులు ఉన్నాయి.

మొన్న వానాకాలంలో పని లేని ఒక మధ్యాహ్నం చాచాకి తిమోతి పత్రిక మిగతాది చదివాను. దైవావేశం గురించి రాసిన పేజీ తిప్పగానే 4వ అధ్యాయం 13. త్రోయ అనే ఊళ్లో కర్పు అనే మనిషి దగ్గర వదిలేసి వచ్చిన "అంగీని", పుస్తకాలను, ముఖ్యంగా చర్మపు కాగితాలను తెచ్చిపెట్టమని పౌలు అడుగుతాడు. ఇంకొంచెం కింద, చలికాలం రాకముందే రమ్మంటాడు. చిన్నప్పుడు నేను అంగీ అంటే మనం వేసుకునే చొక్కానే అనుకున్నాను. ఒక్క చొక్కా కోసం ఇంత దూరం కబురు పెట్టాలా అని జాలి పడేవాణ్ణి. అది చలికి కప్పుకునే పెద్ద పై వస్త్రం.

ఇక్కడ నిజం దాచకూడదు. ఈ పత్రిక అసలు పౌలు రాసిందే కాదని, ఆయన పోయాక ఆయన పేరు మీద ఇంకెవరో రాశారని చాలామంది పండితులు అంటారు. చాచాకి అదీ చెప్పాను. అట్లయితే అంగీ ముచ్చట ఎందుకు పెట్టిండు అన్నాడు. నకిలీ దస్తావేజు రాసేవాడే హద్దుల్లో చింతచెట్టు, బావిగడ్డ అన్నీ రాస్తాడు, మనకి తెలియనిదా చాచా అన్నాను. ఆయన కాసేపు ఆలోచించాడు.

"హద్దులల్ల చెట్టు పెడతడు. చలి పెడతడా?"

బయట వాన దంచుతోంది. ప్రింటరు మీద ప్లాస్టిక్ కవరు కప్పాను.

"ఇంతకీ ఆ అంగీ అందిందా లేదా బేటా?"

రాయలేదు చాచా, అన్నాను.